నమస్కారం పెట్టిన ఆకు ఏది?

మా వసారాలో ఒక కుండీ ఉంది. అందులో ఉండాల్సింది అరెకా పామ్. మినీ వ్యానులో మొక్కలు వేసుకుని వీధిలోకి వచ్చిన కుర్రాడు అది కడియం నర్సరీల సరుకని ఒట్టేసి మరీ అంటగట్టాడు. అనంతపురం ఎండ ముందు ఆ ఒట్టు నిలవలేదు. ఏప్రిల్ కల్లా పామ్ పొరకపుల్ల అయిపోయింది. కుండీ మంచిది కదా అని పారెయ్యకుండా అలాగే ఉంచాం. జూన్‌లో రెండు వానలు పడ్డాయి. కుండీ మట్టిలోంచి రెండు రకాల మొలకలు లేచాయి.

ఒకటి పులిచింత. అది తెలిసిన ముఖమే. హృదయం ఆకారంలో మూడు రెబ్బలు, నమిలితే పులుపు, గోరంత పచ్చటి పువ్వు. బడికి పోయే రోజుల్లో దాన్ని నమలని వాళ్ళుంటారా? రెండోది మాత్రం కొత్తది. వేలెడు ఎత్తు కాడ, కొమ్మా రెమ్మా లేదు, తల మీద మాత్రం గొడుగు విప్పినట్టు చుట్టూ ఆకులు. బొమ్మల కొలువు కోసం ఎవరో కొబ్బరి చెట్టును చిన్నదిగా చేసి నాటినట్టుంది.

"పామ్ సెట్టు పోతా పోతా పిల్లను పెట్టి పోయిందిరా" అంది జేజి.

పక్కింటి పాప వచ్చి దాన్ని వేలితో పొడిచింది. ఆకులు ఒక జత తర్వాత ఒక జత ముడుచుకున్నాయి. "జేజీ! అత్తిపత్తి!" అని పాప అరిచింది. జేజి సరేనంది. నేనూ సరేనన్నాను. అత్తిపత్తి గురించి అంతకు మించి ఆలోచించాల్సింది ఏముందనుకున్నాను.

మూడు వారాలకు అది పూసింది. సన్నటి కాడల కొసన ఐదేసి రేకుల పసుప్పచ్చ పూలు, రేకుల మీద ఎర్రటి గీతలు. అక్కడే అనుమానం మొదలైంది. అత్తిపత్తి పువ్వు గులాబీ రంగు బొచ్చు బంతి. అత్తిపత్తి కాడకు ముళ్ళుంటాయి, నేల మీద పాకుతుంది. దీనికి ముల్లు లేదు, పాకే గుణం లేదు. పైగా దీని పువ్వు పక్కనే ఉన్న పులిచింత పువ్వుకు అక్కచెల్లెలిలా ఉంది. భూతద్దం పెట్టి చూస్తే రెండింట్లోనూ పది కేసరాలు, ఐదు పొడుగు, ఐదు పొట్టి. మధ్యలో ఐదు కీలాలు. పేరు తెలుసుకోవడానికి ఆ లెక్క చాలింది. ఇది బయోఫైటమ్ సెన్సిటివమ్. పులిచింత కుటుంబమే, అంటే ఆక్సాలిడేసి. ఉష్ణమండలపు తేమ నేలల్లో, నీడపట్టున పెరుగుతుంది. కేరళలో, తూర్పు కనుమల అడవుల్లో కనబడుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వానతో, జైసల్మేర్ తర్వాత మనమే అని చెప్పుకునే మా జిల్లా మాత్రం దానికి పుట్టినిల్లు కాదు. కుండీ మట్టితో పాటు టికెట్టు లేకుండా వచ్చి ఉంటుంది.

కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆ పేరు వెతుకుతుంటే అడ్డం పడిన ఒక పాత చిక్కు నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

చిక్కు ఇది. మనం అత్తిపత్తి, నిద్రగన్నిక అని పిలుచుకునే మిమోసా పుడికా మన దేశపు మొక్క కాదు, అమెరికా ఖండాల ఉష్ణమండలానిది. 1753లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టిన లినేయస్ నివాసం దగ్గర బ్రెజిల్ అని రాశాడు. బ్రెజిల్ తీరానికీ మన మలబారు తీరానికీ నడుమ మొదటిసారి ఓడ నడిచింది 1500లో. కబ్రాల్ అనే పోర్చుగీసు వాడు ఆ ఏప్రిల్‌లో బ్రెజిల్‌లో లంగరు వేసి, సెప్టెంబరుకు కాలికట్ చేరాడు. అంతకు ముందు ఈ మొక్క ఇక్కడికి వచ్చే దారే లేదు. మరి అంతకు ఇంచుమించు వెయ్యేళ్ళ ముందు, మన తాతలు బడిలో వల్లె వేసిన అమరకోశంలో, వనౌషధి వర్గంలో 'నమస్కారి' అనే మొక్క ఎలా ఉంది? ఆ వరుసలోనే సమంగ, ఖదిర అనే పేర్లూ ఉన్నాయి. తర్వాతి వైద్య నిఘంటువులు అదే మొక్కకు 'లజ్జాలు' అనే పేరు తెచ్చాయి. నమస్కారం పెట్టేది, సిగ్గుపడేది. ఇవాళ ఏ పండితుణ్ణి అడిగినా ఈ రెండు పేర్లూ అత్తిపత్తివే అంటాడు. సంస్కృత నిఘంటువులు కూడా అంతే రాసి ఊరుకున్నాయి.

ఇంకా రాని మొక్కకు అప్పటికే పేరెవరు పెట్టారు?

మొక్కల పేర్ల విషయంలో మనవాళ్ళకు ఒక అలవాటుంది. దాన్ని తెలుసుకోవడానికి మా జిల్లా కంటే మంచి బడి లేదు. ఇక్కడ చేలల్లో వేసేది బుడ్డలు, అంటే వేరుశనగ. అది దక్షిణ అమెరికా పంట. వచ్చినప్పుడు దానికి పేరు లేదు, అప్పటికే ఉన్న శనగ పేరు తీసుకుని ముందు 'వేరు' తగిలించాం. మొక్కజొన్న కూడా అంతే, అదీ అమెరికాదే, జొన్న పేరు అరువు తెచ్చుకుంది. మిరప అనే మాటలో మిరియం దాగి ఉంది. సీమచింత మెక్సికో నుంచి వచ్చింది. మా చెరువులన్నీ మింగేసిన కంపచెట్టును సర్కారు తుమ్మ అంటారు. నిజానికి దాని చుట్టరికం తుమ్మతో కంటే జమ్మితోనే దగ్గర. పరాయిది వస్తే ఇంట్లో ఉన్నదాని పేరిచ్చి, ముందు ఒక తోక కట్టడం మన పద్ధతి. సీతాఫలం లాంటి గడుసుది ఒకటీ అరా ఉంటుంది. అమెరికా నుంచి వచ్చి, ఏకంగా సీతమ్మ పేరు పెట్టుకుని, మా గుట్టల మీద ఆదికాలం నుంచీ ఉన్నట్టు కూర్చుంది.

అత్తిపత్తికి అలాంటి తోక ఏదైనా ఉందా? పాత ఔషధ నిఘంటువుల్లో మిమోసా పుడికాకు తెలుగు పేర్లు వెతికితే అత్తపత్తి పక్కనే ఇంకొకటి కనబడుతుంది: పెద్ద నిద్రకంటి. 'పెద్ద' అన్నారంటే చిన్నది ఒకటి అప్పటికే ఉండి ఉండాలి కదా. పెద్దమ్మ అనే మాట ఊరికే పుట్టదు, పక్కన అమ్మ ఉండాలి. ఇక మా కుండీలోని బుడ్డ మొక్కకు, అంటే బయోఫైటమ్‌కు, అవే జాబితాల్లో ఉన్న తెలుగు పేర్లు చూస్తే, ఒకటి జలపుష్ప. ఇంకొకటి, నవ్వకండి, అత్తపత్తి!

పక్కింటి పాప తప్పేమీ అనలేదన్నమాట.

అయితే పేర్ల జాబితాలు చాడీల లాంటివి. ఎవరు ఎవరికి చెప్పారో, వినేవాడికి ఏం వినబడిందో తెలియదు. బొమ్మ కావాలి. తేదీ ఉన్న బొమ్మ కావాలి.

మొదటి సాక్షి గార్సియా ద ఓర్టా, గోవాలో స్థిరపడిన పోర్చుగీసు వైద్యుడు. 1563లో గోవాలోనే అచ్చయిన తన పుస్తకంలో, తాకనివ్వకుండా వాడిపోయే ఒక మూలికను ప్రస్తావించాడు. కానీ బొమ్మ వెయ్యలేదు. పైగా 1500కూ 1563కూ మధ్య అరవై మూడేళ్ళున్నాయి. ఈలోగా అమెరికా మొక్క ఏదో ఓడ దిగి ఉండవచ్చు. ఈ సాక్ష్యం కోర్టులో నిలవదు.

రెండో సాక్షి క్రిస్టొబల్ అకోస్టా, కొచ్చిన్‌లో రాజుగారి ఆసుపత్రిలో పని చేసినవాడు. 1578లో స్పెయిన్‌లో అచ్చయిన అతని పుస్తకంలో 'ప్రాణమున్న మూలిక' అని ఒకటి వస్తుంది. ఈ మొక్క గుట్టు తెలుసుకోబోయి మలబారులో ఒక తత్త్వవేత్తకు మతి చలించిందని యూరప్ పుస్తకాల్లో ఒక కథ చాలాకాలం తిరిగింది. నిజమో కాదో గానీ, మా ఇంట్లో పరిస్థితి చూస్తే నమ్మాలనిపిస్తుంది. అకోస్టా పెట్టిన పేరును గుర్తుంచుకోండి. దాన్ని మళ్ళీ తీయాల్సి వస్తుంది.

మూడో సాక్షి మాట మార్చలేదు. డచ్చి వారి మలబారు గవర్నరు వాన్ రీడ్ తయారు చేయించిన హోర్టస్ మలబారికస్, ఆమ్‌స్టర్‌డామ్‌లో 1678 నుంచి 1693 దాకా పన్నెండు సంపుటాలుగా వచ్చింది. ఇట్టి అచ్యుతన్ అనే ఈళవ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి వైద్యులు చెప్పిన సమాచారం అందులో ఉంది. స్థానికుల నోటి మాటనే మొక్క పేరుగా పెట్టారు, బొమ్మల మీద మలయాళ లిపిలో కూడా చెక్కారు. 1689లో వెలువడిన తొమ్మిదో సంపుటంలో ఒక బొమ్మ ఉంది. నిలువు కాడ, తల మీద గొడుగులా ఆకులు, సన్నటి కాడల కొసన పూలు. మా కుండీలో ఉన్నదే, పేరు మాత్రం 'తొద్ద-వద్ది'.

తొట్టావాడి. మలయాళం రాకపోయినా తెలుగువాడికి సగం అర్థమవుతుంది. తొట్టు అంటే తాకి, వాడి అంటే వాడిపోయేది. ఇవాళ కేరళలో ఎవరినైనా తొట్టావాడి చూపించమంటే నేరుగా మిమోసా పుడికా దగ్గరికి తీసుకుపోతారు. బుడ్డ మొక్కను వాళ్ళిప్పుడు ముక్కుట్టి అంటారు, దశపుష్పాల్లో ఒకటిగా కర్కాటక మాసంలో ఆడవాళ్ళు దాన్ని నూరి నుదుట పెట్టుకుంటారు. గౌరవమైతే దక్కింది గానీ పాత పేరు దాని దగ్గర లేదు. 1689లో తొట్టావాడి ఇదే, ఇప్పుడు అది. నడుమ ఎప్పుడో అమెరికా మొక్క వచ్చి, మరింత వేగంగా, మరింత నాటకీయంగా ముడుచుకుని, దారి పొడుగునా పరుచుకుని పేరు లాక్కుంది. ముందు 'సీమ' అనే తోక కట్టే తీరిక కూడా ఎవరికీ చిక్కలేదు.

ఇక్కడికి సగం ముడి వీడింది. అప్పట్లో ఇండోనేసియాలోని అంబోన్ దీవిలో ఉండిన రంఫియస్ కూడా ఈ బుడ్డ మొక్కను 'స్పర్శ తెలిసిన మూలిక' అని నమోదు చేశాడు. కళ్ళు పోగొట్టుకుని, భూకంపంలో భార్యనూ కూతురినీ పోగొట్టుకుని, మొక్కల బొమ్మలు అగ్గికి ఆహుతైతే మళ్ళీ వేయించిన మనిషి ఆయన. ఇలాంటివన్నీ చూసే 1753లో లినేయస్ దీన్ని పులిచింతతో కలిపి ఆక్సాలిస్ సెన్సిటివా అన్నాడు, నివాసం దగ్గర ఇండియా అని రాశాడు. ఒకే పుస్తకంలో ఒక సిగ్గరికి బ్రెజిల్, ఇంకో సిగ్గరికి ఇండియా. 1824లో డికాండోల్ దీన్ని పులిచింత పంక్తి నుంచి లేపి వేరే విస్తరి వేశాడు. ఆ ప్రజాతి పేరు బయోఫైటమ్. గ్రీకులో బయోస్ అంటే ప్రాణం, ఫైటన్ అంటే మొక్క. అకోస్టా మాటకు గ్రీకు చొక్కా తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది.

అయితే బుడ్డ మొక్కే అమరకోశపు నమస్కారి అని తీర్పు చెప్పేసి చాప చుట్టేయవచ్చా? నేనూ రెండు రోజులు అలాగే అనుకుని మురిశాను. మూడో రోజు ఒక అగ్గిపుల్ల ఆ మురిపెం చెడగొట్టింది.

మీరు చిన్నప్పుడు అత్తిపత్తిని ఎన్నిసార్లు తాకి ఉంటారు? ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పండి, దాని ఆకులు పైకి ముడుచుకుంటాయా, కిందికా? నేను అడిగిన వాళ్ళలో చాలామంది తడబడ్డారు. నేనూ తడబడ్డాను. జవాబు పైకి. రెబ్బలు ఎదురెదురుగా లేచి, పైముఖాలు ఒకదానికొకటి ఆనేలా కలుసుకుంటాయి, రెండు అరచేతులు జోడించినట్టు. ఆ తర్వాతే ఆకు కాడ కిందికి వాలుతుంది. మా కుండీలోని దాన్ని అగ్గిపుల్ల మొనతో తాకి, నేలకు చెంప ఆనించి పక్కనుంచి చూశాను. దీని రెబ్బలు కిందికి పడుతున్నాయి. తడిసిన కోడి రెక్కలు వాల్చినట్టు, అడుగుముఖాలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి. పులిచింత కూడా రాత్రి పూట అంతే, మూడు రెబ్బలనూ కిందికే దించుతుంది. వంశలక్షణం మరి.

కిందికి వాలే ఆకును చూసిన వాడెవడైనా సిగ్గు అంటాడు, వాడిపోవడం అంటాడు. తొట్టావాడి సరిగ్గా కుదిరిన పేరు. కానీ నమస్కారం అంటాడా? నమస్కారంలో చేతులు కలవాలి. అరచేతులు వెనక్కు తిప్పి, మోచేతులు వేలాడేసి నమస్కారం పెట్టే పద్ధతి మన దేశంలో ఎక్కడా లేదు. అమరకోశం రాసిన అమరసింహుడికి ఈ పేరు అందించిన మనిషి ఎవరో గానీ, వాడు పైకి ముడుచుకునే ఆకును చూశాడు.

ఇంకో ఆధారం కూడా అటే లాగింది. 16వ శతాబ్దపు భావప్రకాశంలో లజ్జాలువుకు ఉన్న పర్యాయపదాల్లో 'శమీపత్ర' ఒకటి, అంటే జమ్మి ఆకు వంటి ఆకు గలది. జమ్మి గురించి మా సీమలో పుస్తకం తెరవక్కర్లేదు, దసరాకు కొమ్మ తుంచితే చాలు. జమ్మి ఆకులో ఈనె రెండు మెట్లుగా చీలుతుంది. మొదట పెద్ద ఈనె, దాని నుంచి జతలుగా చిన్న ఈనెలు, రెబ్బలు ఆ చిన్న ఈనెలకు. అత్తిపత్తి ఆకు కూడా రెండు మెట్లదే, చాలాసార్లు జమ్మిలాగే రెండు జతల చిన్న ఈనెలతో. మా బుడ్డ మొక్కదో? ఒకే ఈనె, దానికి అటూ ఇటూ నేరుగా రెబ్బలు, కొసన ఒంటి రెబ్బ ఉండదు. అచ్చం చింతాకు. దీన్ని చూసి పేరు పెట్టేవాడు చించాపత్ర అంటాడే గానీ శమీపత్ర అనడు. అమరకోశంలోని ఖదిర, అంటే చండ్ర, అదీ రెండు మెట్ల ఆకుదే.

భావప్రకాశాన్ని ఒక్కదాన్నే నమ్మితే ప్రమాదం ఉంది. భావమిశ్రుడు ఫిరంగ రోగం గురించి రాసిన వాడు, పరంగీలు తెచ్చిన జబ్బు ఆయనకు తెలుసు. జబ్బు వచ్చిన ఓడలో మొక్క రాకూడదా? కాబట్టి శమీపత్ర అనే మాట అమెరికా అత్తిపత్తిని చూసి పుట్టిందనే వాదనకు తావుంది. కానీ నమస్కారికి ఆ తావు లేదు. అమరకోశం కాలానికి ఓడా లేదు, దారీ లేదు.

పైకి ముడుచుకోవాలి, రెండు మెట్ల ఆకు అయితే మరీ మంచిది, అమెరికాది కాకూడదు. ఎవరది?

మళ్ళీ వాన్ రీడ్ దగ్గరికే పోవాలి. తొద్ద-వద్ది బొమ్మ తర్వాతి బొమ్మ పేరు 'నిట్టి-తొద్ద-వద్ది'. నీళ్ళలో పెరిగే తొట్టావాడి. ఇదే నెప్చూనియా ఒలరేసియా. కాడ చుట్టూ తెల్లటి బెండు తొడుక్కుని చెరువుల్లో తేలుతుంది, ఆకు రెండు మెట్లది, తాకితే రెబ్బలు పైకి కలుస్తాయి, పువ్వు పచ్చటి బంతి. థాయిలాండ్‌లో దీని లేత కొసలు కూర. తెలుగులో దీనికి నీరుతల్వపు అనే పేరు పాత పుస్తకాల్లో ఉంది. అత్తిపత్తికి తెలుగులో ఉన్న ఇంకో పేరు ఇప్పుడు కొత్తగా వినిపించింది: ముణుగుదామర. గట్టు మీద ముళ్ళతో పాకే మొక్కకు తామర తోక ఎందుకు? ఆ పేరు మొదట చెరువులో ఉన్నదాన్ని చూసి పుట్టి, తర్వాత గట్టెక్కిందని నా అనుమానం. అలాగే నీళ్ళతో ఏ పనీ లేని మా బుడ్డ మొక్కకు జలపుష్ప అనే పేరెందుకు అంటుకుందో కూడా ఈ దారినే ఊహించవచ్చు. మూడు మొక్కల పేర్లూ ఒకే సంచిలో పడి కలిసిపోయాయి.

సంస్కృతంలో అయితే ఈ నీటి వ్యవహారం ఒక్క అక్షరం మీద నిలబడి ఉంది. లజ్జాలువు పర్యాయపదాల్లో ఒక చోట 'జలకారిక' అని, మరో చోట 'అంజలికారిక' అని కనబడుతుంది. ముందున్న 'సమంగా'తో కలిపి చదివితే సమంగాంజలికారికా. నోటి మాటగా వచ్చినా, తాటాకు మీద రాసుకున్నా ఒక సున్నా, ఒక గుడి జారిపోతే చాలు, దండం పెట్టేది కాస్తా నీళ్ళది అయిపోతుంది. ఏది అసలు పాఠం? అంజలికారికే అని నాకు అనిపిస్తుంది, పక్కనే నమస్కారి ఉంది కాబట్టి. తమాషా ఏమిటంటే, ఏ పాఠం తీసుకున్నా ఒకే ముద్దాయి దొరుకుతాడు. మోనియర్ విలియమ్స్ 1899 నాటి నిఘంటువులో అంజలికారిక అనే మాటకు ఇచ్చిన మొక్క మిమోసా నేటాన్స్. అది ఈ నీటి మొక్కకే పాత శాస్త్రీయ నామం.

ఇక తేలిపోయిందని చెప్పాలని నాకూ ఉంది. కానీ నెప్చూనియా జాతకం కూడా అంత శుభ్రంగా లేదు. అది ఇవాళ ఆసియా, ఆఫ్రికా, అమెరికా మూడు చోట్లా ఉంది. పుట్టిల్లు ఏదన్న దాని మీద వృక్షశాస్త్రజ్ఞుల్లోనే వాదం నడుస్తోంది, అమెరికా పక్షం వాళ్ళూ ఉన్నారు. ఆ పక్షం గెలిస్తే నమస్కారి కేసు మళ్ళీ మొదటికొస్తుంది. నా మొగ్గు మాత్రం నీటి మొక్క వైపే. వాన్ రీడ్ నాటికి మలబారులో దాని పేరు 'నీటి' విశేషణంతో స్థిరపడి ఉంది. ఒక మొక్కకు జనం నోట విశేషణంతో సహా పేరు కుదరాలంటే, పక్కింటి వాళ్ళలా కొన్ని తరాలు కలిసి బతకాలి.

ఇంతలో వైద్య నిఘంటువుల్లో ఒక మూల నుంచి ఇంకో పేరు తొంగి చూసింది. ఇవాళ ఆయుర్వేద గ్రంథాల్లో బయోఫైటమ్‌కు ఇచ్చే సంస్కృత నామం 'విపరీత లజ్జాలు'. దీనికి రకరకాల వివరణలు చెబుతారు. అగ్గిపుల్ల పట్టుకుని నేల మీద పడుకున్న వాడిగా నాదీ ఒకటి వినండి. లజ్జాలువు పైకి ముడుచుకుంటుంది, ఇది దానికి విపరీతంగా కిందికి ముడుచుకుంటుంది. పేరు పెట్టినవాడి మనసులో అదే ఉందో లేదో ప్రమాణం చేయలేను గానీ, ఇంతకంటే పొందికగా కుదిరే విశేషణం నాకు తట్టలేదు.

కాబట్టి మనం ఒక దొంగ కోసం వెతికితే ముగ్గురు దొరికారు. నీటిలో దండం పెట్టేది ఒకటి, గట్టున తల వాల్చేది ఒకటి, ఓడ దిగి ఇద్దరి పేర్లూ జేబులో వేసుకున్నది ఒకటి. మన పూర్వులకు లజ్జాలువు ఒక మొక్క కాదు, ఒక వేషం. ఎవరు కడితే వాళ్ళే ఆ పాత్ర. హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి వేషం ఏ ఊళ్ళో ఎవరు వేసినా నక్షత్రకుడే అయినట్టు. గ్రీకు భాషలోనూ ఈ వేషం ఉంది. చెయ్యి దగ్గరికి రాగానే ఆకులు ముడిచే మొక్కకు 'సిగ్గుపడేది' అనే అర్థం వచ్చే పేరును రోమను రచయిత ప్లినీ రాసి పెట్టాడు. ఆ పేరును తర్వాతి వాళ్ళు తీసుకెళ్ళి మన జీలుగ బెండు ఇచ్చే మొక్క ప్రజాతికి పెట్టారు.

ముడుచుకోవడం వెనక యంత్రం మాత్రం ముగ్గురిదీ ఒకటే తరహా. రెబ్బ మొదట్లో చిన్న బుడిపె లాంటి కీలు ఉంటుంది. తాకగానే ఆ కీలులో ఒక పక్క కణాల్లోంచి పొటాషియం, దాని వెంట నీరు బయటికి పోతాయి. బిగువు సడలిన వైపుకు రెబ్బ ఒరుగుతుంది. ఏ పక్క సడలుతుందన్న దాన్ని బట్టి దండమో, తలవంపో. జగదీశ్ చంద్ర బోస్ కలకత్తాలో మిమోసాతో పాటు ఈ బయోఫైటమ్ మీద కూడా ప్రయోగాలు చేశాడు, 1906 నాటి ఆయన పుస్తకంలో అవి ఉన్నాయి. గట్టి ఉద్దీపన ఒక్కసారి ఇస్తే ఇది ఒక్కసారి స్పందించి ఊరుకోదు, అలలు అలలుగా మళ్ళీ మళ్ళీ కదులుతుందని ఆయన చూపించాడు. ఈ కుటుంబంలో పెద్ద చెట్టుకు కూడా ఆ గుణం ఉంది. స్టార్ ఫ్రూట్ చెట్టు రెబ్బలు తాకితే మెల్లగా వాలతాయని 1785లోనే లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాబర్ట్ బ్రూస్ అనే ఆయన రాశాడు.

ఇదంతా విన్నాక మా ఊరి బుడ్డల రైతు ఒకాయన అన్న మాట: "ముడుసుకోవడం ఏం వింతప్పా. మా సేనంతా రోజూ పొద్దుగూకితే ముడుసుకుంటాది." నిజమే. వేరుశనగ ఆకు సాయంత్రం కాగానే నాలుగు రెబ్బలనూ పైకి జోడిస్తుంది. దాన్ని ఎవరూ తాకనక్కర్లేదు, చీకటి తాకితే చాలు. అనంతపురం చుట్టూ చేలన్నీ సందె వేళకు చేతులు జోడించి నిలబడతాయి. ఎన్ని వానల కోసమో మరి.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రజ్ఞుడు టి. పుల్లయ్య, ఎన్. యశోదతో కలిసి ఈ జిల్లా మొక్కలన్నిటినీ 1989లో ఒక పుస్తకంగా గుదిగుచ్చారు. కరువు సీమలో కంప తప్ప ఏముంటుందనుకునే వాళ్ళు ఆ పుస్తకం బరువు చేతితో చూస్తే చాలు. కుండీలో వచ్చినవి మాత్రం ఏ పుస్తకానికీ చెప్పి రావు.

దసరా ముందు మా బుడ్డ మొక్క కాయలు పండాయి. కాయ ఐదు పాయలుగా విచ్చుకుని నక్షత్రంలా పరుచుకుంటుంది, గింజలు చిమ్ముకుపోతాయి. గింజ పైనున్న పొర బిగిసి తిరగబడి దాన్ని విసిరికొట్టే ఉపాయం పులిచింతకూ దీనికీ ఇంటి విద్య. ఒక రోజు పొద్దున గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట, గచ్చు పగుల్లో, అగ్గిపుల్ల తలంత గొడుగు ఒకటి లేచి కనబడింది. పక్కింటి పాప వంగి పొడిచింది. అది తల వాల్చింది.

నేను జేజిని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. మనం అత్తిపత్తి అనుకునేది అమెరికా నుంచి వచ్చిందనీ, ఇదే ఇక్కడిదనీ, పేరు పోగొట్టుకుందనీ, వాన్ రీడ్ బొమ్మ ఫోనులో చూపించి మరీ చెప్పాను. జేజి అంతా విని, కళ్ళజోడు సర్దుకుని, వంగి, తానూ ఒకసారి తాకి చూసింది.

"మన అత్తిపత్తికి ముండ్లుంటాయి, ఎర్రపూలు పూస్తాయి. ఇది అది గాదులే. యాడనుంచో కుండీలో వచ్చిండాది" అంది. "సీమ అత్తిపత్తి."